బ్రేకులు మార్చిన మర్నాడు

శనివారం మధ్యాహ్నం తెనాలిలో మా ఇంటి ముందే జాకీ పెట్టి, నాన్న కారుకి బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. "మెకానిక్ ఉండగా నీకెందుకమ్మా" అన్నారు నాన్న. అలా అంటే ఊరుకునే రకాన్ని కాదు నేను. చక్రాలు విప్పి, అరిగిపోయిన పాత ప్యాడ్లు తీసి, కొత్తవి వేసి, బోల్టులు బిగించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, వీధి చివరిదాకా నడిపి చూశాను. బ్రేకు చక్కగా పడింది. నాన్న ముందు కాస్త గొప్పలు కూడా పోయాను.

ఆ గొప్ప సాయంత్రానికే దిగిపోయింది. ఎడమ చక్రం దగ్గర కింది బోల్టు బిగించానా లేదా అని అనుమానం పట్టుకుంది. సరిగ్గా ఆ పనిలో ఉండగానే పక్కింటి పిన్నిగారు పలకరిస్తే లేచి వెళ్ళాను మరి. ఆదివారం పొద్దున్నే చక్రం మళ్ళీ విప్పాను. బోల్టు బిగిసే ఉంది. ఇప్పుడు చక్రం నట్లు సరిగ్గా పడ్డాయా అని ఇంకో బెంగ. అవీ చూశాను. అయినా కాలు ఒకచోట నిలవలేదు. ఆ కారులో వెళ్ళేది అమ్మా నాన్నా.

ఆరోజే ఇద్దరూ రేపల్లెలో మేనత్త వాళ్ళ చర్చిలో కోత పండుగకి బయల్దేరారు. ప్రార్థన చేయందే మా ఇంట్లో బండి కదలదు. మామూలుగా రెండు మాటల్లో ముగించే నాన్న, ఈసారి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "నా బిడ్డ చేసిన పనిని దీవించు ప్రభువా" అంటూ చాలాసేపు ప్రార్థించారు. నాకు ఒళ్ళు మండింది. అంత నమ్మకం లేనప్పుడు ఎక్కడం ఎందుకు? ఆమెన్ మాత్రం అన్నాను, కాస్త గట్టిగానే.

కారు మలుపు తిరిగిందో లేదో, మా చర్చి క్వయిర్‌లో పాడాలని కట్టుకున్న తెల్లచీరతోనే స్కూటీ తీశాను. చూపంతా కారు వెనక ఎర్రలైట్ల మీదే. అవి వెలిగినప్పుడల్లా, కారు నెమ్మదించేదాకా ఊపిరి బిగపట్టాను. ధాన్యం ట్రాక్టరు అడ్డమొచ్చినప్పుడు తెలియకుండానే నా స్కూటీ బ్రేకు నొక్కేశాను.

ఊరు దాటాక రైలు గేటు పడి ఉంది. కారు మెత్తగా ఆగింది. నేనూ వెనకే ఆగాను. నాన్న అద్దంలో చూసి తల బయటపెట్టారు.

"ఏంటమ్మా, క్వయిర్ రేపల్లెకి మార్చారా?"

"ఊరికే వచ్చాను నాన్నా. బ్రేకు ఎలా ఉంది?"

"నేను ప్రార్థన చేసి కారెక్కాను. నువ్వు ఆమెన్ అని వెంటపడ్డావు. నమ్మకం లేంది ఎవరికంటావ్?"

పక్క సీట్లో అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. గేటు లేచింది.

"ఇంక ఇంటికెళ్ళమ్మా" అన్నారు నాన్న.

"సరే నాన్నా" అన్నాను. కారు పట్టాలు దాటి కాస్త దూరం వెళ్ళేదాకా ఆగి, రేపల్లె దాకా వెనకే వెళ్ళాను.