దర్శి బస్సులో డాక్టరమ్మ

ఎనభైల నాటి మాట. మావారు పనిచేసే మిషన్ ఆసుపత్రికి విదేశాల నుంచి వచ్చిన వైద్య విద్యార్థులకు మా ఇంట్లోనే బస. వాళ్లలో ఒకమ్మాయితో దర్శిలో ఒంగోలు బస్సెక్కాను. మిరపకాయల బస్తాల మధ్య కాలు కదిపే చోటు లేదు.

పక్కన నిలబడ్డ ఒకావిడ, దొరసానంటే డాక్టరేననుకుందేమో, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఆ అమ్మాయి ఒళ్లో పెట్టేసింది.

"డాక్టరమ్మా, మా బుడ్డోణ్ణి చూడమ్మా!"

"నేనింకా డాక్టర్ని కాదని చెప్పండి," అంది అమ్మాయి ఇంగ్లీషులో, బెదిరిపోయి. లేచి పోదామన్నా దారి లేదు. అమ్మాయి ఇంకా డాక్టరు కాలేదని ఆవిడకు చెప్పాను.

"కాకపోతే ఏమైందండీ? పెద్దాసుపత్రికే పోతన్నాం. అందాకా ఎత్తుకోమనండి. నా చేతులు పడిపోయినయ్."

అమ్మాయి రుమాలు తడిపి బిడ్డ ఒళ్లు తుడుస్తూనే ఉంది. ఒంగోలు చేరేసరికి వాడు కళ్లు తెరిచాడు.

"ఈ పిల్ల హస్తవాసి మంచిదండీ," అంటూ వాణ్ణి ఎత్తుకుని దిగిపోయింది తల్లి.

ఏమందని అమ్మాయి అడిగింది. హస్తవాసికి ఇంగ్లీషు మాట తోచక, తడిసిన ఆ చేతులు రెండూ పట్టుకున్నాను.