అక్క గట్టు

మా అక్క గట్టును పగలగొట్టమన్నది నేనే. ఈ ఒక్క మాట బయటికి రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇంతకాలం మా ఇంట్లో చలామణీలో ఉన్న కథ వేరు. ఆ కథలో మేస్త్రి దోషి, నేను అమాయకుణ్ణి. కథ అల్లిందీ నేనే కాబట్టి దాన్ని విప్పాల్సిన బాధ్యతా నాదే. మొన్న వానలకు బాత్రూమ్ గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులుగా రాలుతుంటే, మా ఆవిడ పాత మేస్త్రిని పిలుద్దామంది. వరండాలో కూర్చున్న అక్క వెంటనే అందుకుంది. "గాయననా? వద్దు తల్లీ. ఈసారి నా చేతికట్టె సుత పగలగొట్టి పోతడు." మా ఆవిడ నవ్వింది. నేను చీపురు తెచ్చి రాలిన పెచ్చులు ఊడ్వడం మొదలుపెట్టాను.

గట్టు సంగతి ముందు చెప్పాలి. చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్క కుడికాలు సన్నబడిపోయింది. చేతికట్టె ఉంటే నడుస్తుంది, ఎక్కువసేపు నిలబడలేదు. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఈ ఇల్లు కట్టినప్పుడు వంటగదిలో అందరి కోసం మామూలు గట్టు ఒకటి కట్టించి, కిటికీ కింద అక్క కోసం ఇంకొకటి తన చేత్తోనే కట్టాడు. ఆమెను పీట మీద కూర్చోబెట్టి, మోచెయ్యి ఎక్కడికి వస్తుందో గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీతకు గట్టు కట్టాడు. జానెడున్నర ఎత్తు ఉండేదేమో. ఆ గట్టు ముందు పీట వేసుకుని అక్క ముప్పై ఏళ్ళు వండింది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ ఆ పీట మీద నుంచే. బడి నుంచి రాగానే నేను ఆమె పక్కన చతికిలబడి, పొయ్యి మీది పచ్చిమిర్చి వాసనకు తుమ్ముతూ ఎక్కాలు అప్పజెప్పేవాణ్ణి. తప్పు చెబితే గరిటె కాడతో మోకాలి మీద ఒక్కటి పడేది. ఇంటికి పనికి వచ్చిన ప్రతి మనిషికీ, కరెంటు పనివాడైనా కొళాయి పనివాడైనా, ఆ గట్టు మీద నుంచే చాయ్ వెళ్ళేది. చాయ్ తాగకుండా మా గడప దాటిన పనివాడు లేడు.

నాలుగేళ్ళ కిందటి ఎండాకాలంలో మాకు నెలంతా ప్రయాణాలే. మొదట వేములవాడ మొక్కు. అక్కడి నుంచి కరీంనగర్‌లో మా బావమరిది పెళ్ళి. ఆ తరవాత తిరుపతి. చివరికి కాశీ. కాశీ అక్క కోరిక. నాన్నకు ఏటా రైల్వే పాసులు వచ్చేవి, ఏటా అవి వాడకుండానే పోయేవి. అక్క అప్పటిదాకా కాజీపేట దాటి ఎరగదు. ఇన్నాళ్ళు ఇల్లు ఖాళీగా ఉంటుంది కదా, అక్కకు తెలియకుండా వంటిల్లు కొత్తగా చేయించి ఆశ్చర్యపరుద్దామని నాకు బుద్ధి పుట్టింది. మా ఆవిడ సరేనంది. "వదినె గట్టు మాత్రం ముట్టొద్దు. మేస్త్రికి గట్టిగ చెప్పండి," అని రెండుసార్లు హెచ్చరించింది. చెప్పాను కూడా. మేస్త్రి మాకు పాతవాడే, అక్క చాయ్ ఎన్నో ఏళ్ళుగా తాగినవాడు.

ప్రయాణానికీ ప్రయాణానికీ నడుమ ఇంటికి వస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని నీళ్ళ మోటారు కాలిపోయిందని అబద్ధమాడి, కాప్రాలో మా అత్తగారింట్లో దిగేవాళ్ళం. "మోటరు కాలితే మనుషుల్ని లోపలికి రానియ్యరా ఏందిరా?" అని అక్క అడిగింది. వైండింగ్ అని, కెపాసిటర్ అని నోటికొచ్చింది చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసి, "నీకు మోటర్ల గురించి ఇంత తెలుసని నాకు ఇన్నొద్దులు తెల్వకపాయె," అంది. ఈలోగా పని నా చేతుల్లోంచి జారిపోతూనే ఉంది. తిరుపతి క్యూలో ఉండగా టైల్స్ రంగు మారిందని ఫోన్. పెళ్ళి భోజనాల్లో సింకు పెద్దదైందని ఫోన్. ఒక చేత్తో విస్తరి, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, కనిపించని ఇంటికి "సరే, కానీయండి" అనడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

కాశీలో మూడో రోజు పొద్దున్నే అక్కను ఇద్దరు పడవవాళ్ళు ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. పక్కన మా ఆవిడ కూర్చుంది. నాకు ఫోన్ రావడంతో మెట్ల మీదే ఉండిపోయాను. అక్క చెయ్యి నీళ్ళలో పెట్టి చిన్నపిల్లలా నావైపు చూసి నవ్వింది. ఫోన్లో మేస్త్రి. "సారూ, ఈ చిన్న గట్టు ఉంచితే టైల్స్ లైను సీదా వస్తలేదు. సింకు పైపుకు సుత అడ్డమొస్తుంది. ఏం చేద్దాం?" నేను విసుగ్గా, "నువ్వేమంటవ్?" అన్నాను. "నేనేమంట సారూ, అది అక్కది. జెర ఒక్కసారి అక్కను అడుగుండ్రి." అడిగితే నా బహుమానం గుట్టు రట్టవుతుంది. పడవ కదులుతోంది. ఎండ చురుక్కుమంటోంది. ఆ నెల రోజుల్లో వచ్చిన అన్ని ఫోన్లకూ చెప్పినట్టే దీనికీ చెప్పాను. "తీసెయ్యి. నేను చూసుకుంటా."

ఆ రోజంతా ఏమీ అనిపించలేదు. మర్నాడు తిరుగు రైల్లో అక్క కిటికీ పక్కన కూర్చుని, ఇంటికి వెళ్ళగానే పచ్చిపులుసు చేస్తానని, ఈ ఊళ్ళ కూరలతో నోరు చచ్చిపోయిందని, పొద్దుటి నుంచి తన గట్టే యాదికొస్తోందని చెబుతోంది. అప్పుడు గానీ నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి మేస్త్రికి ఫోన్ చేశాను. కలవలేదు. నాగపూర్ దాకా చేస్తూనే ఉన్నాను. బల్లార్షా దాటాక కలిసింది. "అయిపాయె సారూ. నిన్ననే కొట్టేసినం. మీ నాయిన ఎన్ని రాడ్లు ఏసిండో, రెండు గంటలు పట్టింది," అన్నాడు. రైలు తన దారిన తాను పోతోంది.

ఇంటికి వచ్చేసరికి మేస్త్రి తలుపు దగ్గర మా కోసం నిలబడి ఉన్నాడు. వంటిల్లు మెరిసిపోతోంది. నల్ల గ్రానైటు, తెల్ల టైల్స్, నడుము పైదాకా వచ్చే గట్టు. అక్క చేతికట్టె టకటకలాడిస్తూ సరాసరి కిటికీ దగ్గరికి నడిచింది. గోడను చేత్తో తడిమింది. "నా గట్టేదిరా?" అంది. మా ఆవిడ నావైపు చూసింది. నేను మేస్త్రి వైపు చూశాను. "వద్దని చెప్పినక్కా. ఈయనే తప్పు చేసిండు," అన్నాను. మేస్త్రి ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. తరవాత తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకుని, "అవునక్కా, నాదే తప్పు. యాదిమరిచిన," అన్నాడు. అక్క గోడ మీది చెయ్యి తీసి అతని వైపు తిరిగింది. "ఇంగ ఈ ఇంట్ల నీకు నా చాయ్ లేదు పో," అంది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. వీధిలో ఎదురైతే నమస్తే పెట్టేవాడు. నేనే చూపు తిప్పుకునేవాణ్ణి.

అక్కకు ఒక ఎత్తు స్టూలు కొన్నాను. ఎక్కి కూర్చుని, కాళ్ళు వేలాడేసి, "ఆటోల డ్రైవరు పక్కన కూసున్నట్టుందిరా," అంది. అందరం నవ్వాం. రెండు నెలలు అలాగే వండింది. ఒకసారి వేడి గిన్నెతో ఒరిగిపోబోయింది. ఆ తరవాత కూరగాయలు తరిగిచ్చి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. పోపు వాసన బట్టి, "ఎల్లిపాయ మాడుతుంది సూడు," అని అక్కడి నుంచే చెప్పేది. మెల్లగా అది కూడా మానేసింది. వంటిల్లు ఆమెది అన్న సంగతి మేమంతా మరిచిపోయాం. ఆమె మరిచిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ చేతికట్టె మాట విన్న మర్నాడు ఆదివారం. అక్క వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగింది.

"ఎన్నడు చెప్పినవ్ ఆయనకు?"

"కాశీల. నువ్వు పడవల ఉన్నప్పుడు."

"గప్పుడు నేను గంగమ్మకు నీ బీపీ తగ్గాలని మొక్కుతున్ననురా." మళ్ళీ గింజలు తీయసాగింది. కాసేపటికి, "గట్టుది ఏముందిరా, నన్నడిగితే తీసెయ్ అంటుంటి. ఆ మనిషిని నాలుగేండ్లు గడప తొక్కనియ్యలే. నా నోటితోని చాయ్ లేదంటిని. పో, పిల్చుకరా," అంది.

మేస్త్రి వచ్చాడు. జుట్టు నెరిసింది. "ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు?" అని దారిలో నేను అడిగితే, "మీ అక్క ముంగట మిమ్మల్ని ఎట్ల పట్టియ్యాలె సారూ," అన్నాడు. గట్టు మళ్ళీ కట్టమని అడిగాను. అతను జేబులోంచి సుద్దముక్క తీశాడు. అటక మీది పీట దించి కిటికీ కింద వేశాను. అక్క ఇద్దరి భుజాలూ పట్టుకుని కూర్చోబోయి సగంలోనే ఆగింది. మోకాళ్ళు వంగలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. "ఇంగ వద్దురా. కూసున్నా లేవ. సుద్ద జేబుల పెట్టుకో మేస్త్రీ," అంది. మేస్త్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క స్టూలెక్కి కూర్చుని గిన్నె పొయ్యి మీద పెట్టింది. పాలు, చాయ్‌పత్తి, దంచిన అల్లం. నాలుగేళ్ళ తరవాత మేస్త్రికి ఆమె చేతి చాయ్. అది పొంగుకు రావడానికి ఇంకా కాస్త టైముంది. ఆ రోజు ఇదే గదిలో నేను నిజం చెప్పి, గట్టు మళ్ళీ కట్టమని ఉంటే, ఆ మాటకు ఇంతకంటే ఎక్కువసేపు పట్టేది కాదు. చెప్పకపోవడానికి మాత్రం ఆమె కింద కూర్చోగలిగిన చివరి నాలుగేళ్ళు ఖర్చయ్యాయి.

"తప్పు నాది మేస్త్రీ. అక్కా, నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.