పంటి వేరు, వైరస్ వేరు

ఒక్క తెలుగు మాటను తప్పుగా విని, తొమ్మిది రోజులు నా పంటితో సహా నన్ను నేను క్వారంటైన్‌లో పెట్టుకున్నాను. నా నోట్లో జ్ఞానదంతాలు నాలుగున్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు.

కరోనా రెండో విడత అది. హజీరాలో మా ఫ్యాక్టరీ గేటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు వెళ్ళేవి; అమ్రోలిలో మా అపార్టుమెంటు కింద అంబులెన్సులు ఆగేవి. కింది అంతస్తు ఆయన తన కాళ్ళమీదే నడిచి వెళ్ళి అంబులెన్సు ఎక్కాడు, తిరిగి రాలేదు. ఆయన స్కూటరు మీద దుమ్ము తుడవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

అప్పుడే నా కింది దవడ పన్ను పోటెత్తింది. ఊళ్ళో మన తెలుగు పళ్ళ డాక్టరు ఒకమ్మాయి ఉంది, వరంగల్ వైపు పిల్ల. ఫోన్ చేశాను.

"పంటి వేరు చివర వాచినట్టుంది అంకుల్. గసొంటి కాడ వైరస్ గూడ ఉంటదంటరు. భయపడకుండ్రి, అది వేరు..." లైను తెగిపోయింది.

అది వేరు! అంటే కరోనా నా పంట్లోనే వేళ్ళూనుకుందన్నమాట. మళ్ళీ ఫోన్ చేస్తే పరీక్ష అంటుంది. పరీక్ష అంటే ఆసుపత్రి. ఆసుపత్రి అంటే ఆ స్కూటరు. ఇంట్లో నాలుగేళ్ళ కూతురు. మా ఆవిడకు మాత్రం సంగతి చెప్పి, చప్పుడు చేయకుండా వెనక గదిలో వేరు కాపురం పెట్టాను.

"ఏమండీ, పాజిటివ్ మీకా, మీ పంటికా?" తలుపవతల నుంచి మా ఆవిడ.

"ఇద్దరికీ."

పాప తలుపు కింద సందులోంచి వేళ్ళు దూర్చేది. నేను గోడకు అంటుకుపోయి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి.

తొమ్మిదో రోజు పొద్దున నోరు తెరుచుకోలేదు. వాపు దవడ దాటి మెడలోకి దిగింది. ఉమ్మి మింగుడుపడలేదు. మా ఆవిడ నన్ను ఆటోలో కుదేసి ఆ డాక్టరమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ముందు కరోనా పరీక్ష చేశారు. లేదన్నారు.

"ఏంది అంకుల్ గిది! ఇన్నొద్దులు ఏం జేసిన్రు?"

"నువ్వే కదమ్మా, వైరస్ వేరులో ఉందన్నావు," పళ్ళు బిగించే అన్నాను, వేరే దారి లేక.

"అయ్యో! అది వేరే వైరస్ అనబోయిన, లైను పోయింది! పెదవి మీద పొక్కులొస్తయి సూడుండ్రి, గా జాతివి. శానా మంది ఒంట్ల నిద్రపోతుంటయి. వేరు కాడ బ్యాక్టీరియా జేరి వాచినప్పుడు అవి గూడ లేచి జర తోడైతయేమో అంటరు, ఇంకా పక్కా తేలలే. మీ పంట్ల ఉన్నయో లేవో నాకు గూడ తెల్వదు. గానీ ఈ చీము ఇంకో రెండొద్దులు ఆగితే ఊపిరికే అడ్డం పడుతుండె."

ఊపిరి పోతుందని భయపడి దాక్కున్న గదిలోకి, ఊపిరి తీసేదాన్ని నేనే వెంటబెట్టుకు వెళ్ళాను.

ఆ రోజు చీము తీసింది. తర్వాత మూడుసార్లు పిలిచి, వేరు శుభ్రం చేసి, నరం లాగేసి మూసింది.

డుమస్ బీచిలో తినుబండారాల బళ్ళు మళ్ళీ పెట్టారని తెలిసి ఒక ఆదివారం వెళ్ళాం. మాస్కు గడ్డం దాకా దించి, చుట్టూ చూసి, పుల్లకు గుచ్చి రంగు షర్బత్ పోసిన ఐసు గోలా ఒకటి కొని, సరిగ్గా ఆ పంటి మీదే పెట్టుకుని నిదానంగా చప్పరించాను. చన్నీళ్ళు తగిలితేనే నన్ను గెంతించిన పన్ను, గోలాకు గోల పెట్టలేదు.

"చాలండీ, దగ్గొస్తే జనం పారిపోతారు," అంది మా ఆవిడ.

బండివాడికి ఇంకోటి చెప్పాను.