తువ్వాలు చాటు బేరం

మా చిన్నాయనను ఎవరైనా చెడ్డవాడంటే నాకు ఇప్పటికీ కోపం నషాళానికి అంటుతుంది. ఆయన మా బాపు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నేను కింద పడితే నాకంటే ముందు ఆయనే కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు.

అన్నదమ్ములిద్దరూ వరంగల్ మిర్చి మార్కెట్లో పనిచేసేవాళ్లు. అక్కడ ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరమాడేవాళ్లు. ఆ పనిలో చిన్నాయన దిట్ట.

ఎనభైలలో, నేను ఏడో తరగతిలో ఉండగా, ఎవరూ లేనిచోట ఆయనకు మాటలు వినిపించసాగాయి. తనను చంపడానికి బేరం కుదురుతోందని ఆ మాటలు చెప్పేవట. దవాఖానలో ఇచ్చిన మందులు చూపిస్తే, "నాకేం రోగం? రోగం మీకే" అని విసిరికొట్టాడు. దాంతో అమ్మ గోలీలు నూరి ఆయన పప్పులో కలపడం మొదలుపెట్టింది. కలిపిన పూట చిన్నాయన అంతా తినేలా చూడాలి గనక ఆ సంగతి బాపుకు తెలియాలి, చిన్నాయనకు తెలియకూడదు. మా బాపు తెలివి తెల్లారినట్టే ఉంది. అమ్మ వడ్డించడానికి వంగగానే తువ్వాలు చాటున ఆమె చెయ్యి అందుకునేవాడు. అమ్మ ఒక వేలు నొక్కితే కలిపినట్టు, రెండు నొక్కితే లేనట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నాయన అది చూశాడు. కంచం తోసేసి, బస్తాలు లాగే ఇనుప కొక్కెం అందుకున్నాడు.

"నన్ను ఎంతకు అమ్ముతాన్రు?" అని అడిగాడు.

ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. బాపు చెయ్యి అడ్డం పెడితే కొక్కెం మోచేతి దాకా చీరేసింది. రక్తం చూడగానే చిన్నాయన దాన్ని వదిలేసి, మూలకు ఒదిగిపోయాడు.

పిల్లలున్న ఇల్లు, గొలుసు వెయ్యండి, లేదా పట్నం పిచ్చాసుపత్రికి పంపండి అన్నారు చుట్టాలు. బాపు కూడా సరేననేలా ఉన్నాడు. మందులిచ్చిన డాక్టరు మాత్రం అమ్మనే మందలించాడు. "తనకు రోగమున్నదని ఎరుకలేని మనిషికి చాటుగా పెడితే విషమనే అనుకుంటడమ్మా. భయపడే చెయ్యెత్తిండు. ముందు ఆయనకు చెప్పుండ్రి."

అమ్మ కొక్కెం దాచేసి, మమ్మల్ని పక్కింట్లో ఉంచింది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని గోలీని అరచేతిలో పెట్టి చూపించింది. "తమ్మీ, ఇది నీ మందు. ఇన్నొద్దులు దాచిపెట్టినం, తప్పు మాదే. నీకు భయమైతాంది గదా, అది తగ్గుతది."

మూడు రోజులు మొహం తిప్పుకున్నాడు. నాలుగో నాడు తీసుకున్నాడు.

ఆయనకు వినిపించే మాటలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. మేము ఇంటికి వచ్చినా అమ్మ మమ్మల్ని ఆయన దగ్గర ఒంటరిగా వదిలేది కాదు, ఏదో వంకతో వెంటే ఉండేది. అది ఆయనకు తెలుసు. నాకైతే ఏడుపొచ్చేది.

ఏడాది తర్వాత అమ్మా బాపూ కేసముద్రంలో పెళ్లికి పోవాల్సి వచ్చింది. తప్పనిసరై మమ్మల్ని ఆయనకు అప్పగించి, అమ్మ చెప్పులు వేసుకుంటుంటే చిన్నాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వదినా, పొద్దటి సంది మాటలు ఇనబడుతానయి. అది నా రోగమే, నాకెరుకే. అయినా ఇయ్యాల పిల్లల్ని నా దగ్గర ఇడువకు. నన్ను జర దవాఖానకు తోలుకపో."

అమ్మ పెళ్లి మానుకుని ఆయనను తీసుకుపోయింది. అమ్మ మమ్మల్ని ఆయన దగ్గర నిశ్చింతగా వదిలి వెళ్లడం ఆ తర్వాతే మొదలుపెట్టింది.