నిండు చెరువు

పామిడి బస్సులో నా పక్కన కూర్చున్న టీచరమ్మ స్టాపు స్టాపుకూ ఫోను తీసి ఒకటే పేజీ చూస్తాండె. "ఏముండాదమ్మా దాంట్లో?" అని అడిగినా. ఫోను నా ముందు పెట్టింది.

"మా పాత బడి పిల్లోళ్లు రాసిన ఊరి వికీ అన్నా. ఎవరైనా రాయొచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చని నేనే నేర్పినా. ఎండిన చెరువును ఊరి పెద్దాయన దున్నేసుకున్నాడని ఒక పాప రాసింది. తెల్లారేసరికి దాన్ని తీసేసి, చెరువు నిండుగా ఉండాదని రాయించినాడు. నన్ను బదిలీ చేయించినాడు."

"మరి ఇంకా యాల చూస్తాండావు?"

"పిల్లోళ్లెవరైనా మళ్లీ దిద్దుతారేమోనని."

రాప్తాడులో దిగిపోయేటప్పుడు కూడా ఫోనే చూస్తాండె.

ఇప్పుడు నేనూ అప్పుడప్పుడు ఆ పేజీ తెరుస్తుంటా. రెండేండ్లుగా వాన లేదు. ఆ చెరువు మాత్రం ఇంకా నిండుగానే ఉండాది.