వైరు తీసేసిన గురువారం

ఇస్తారికి ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అయినా గల్ఫ్‌లోని అల్ ఖువైర్‌లో అతను ఊడ్చి తుడిచే ఆఫీసులో ఏ కంప్యూటరు ఎలాంటిదో అతనికి తెలిసినంతగా దాని ముందు కూర్చునేవాళ్లకు కూడా తెలియదు. ఏది పొద్దున్నే ముట్టుకున్నా వేడిగా ఉంటుందో, ఏది నెలకోసారి రిపేరుకు పోతుందో, ఏ సాబు కోపమొస్తే మీటల మీద గుద్దుతాడో, రోజూ బట్ట పట్టుకుని తుడిచే చేతికి తెలుస్తుంది. ఆ చేతిని ఎవరూ ఏమీ అడగరు, అంతే.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఎనభై ఎనిమిదిలో వచ్చాడు. ఆరేళ్లు నిజ్వాలో కట్టడం పని. పరంజా మీది నుంచి జారి మోకాలు చెడిపోయాక కంపెనీ అతన్ని ఇంటికి పంపించేయబోయింది. ఇస్తారి పోనన్నాడు.

"మీ పనిల విరిగిన కాలు సార్ ఇది. మొయ్యరాకుంటె ఊడుస్త, తుడుస్త. పొమ్మంటె మాత్రం పోను."

అలా అదే యజమానికి ఉన్న క్లీనింగ్ కంపెనీలోకి మార్చి, కట్టడం కంపెనీ ఆఫీసునే ఊడ్చే పనిలో పెట్టారు. జీతం తగ్గింది. అడిగిన నోరు కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. అడగని నోళ్లు ఎన్ని అదే మోకాలితో విమానమెక్కాయో లెక్క రాసినవాడు లేడు.

తొంభై ఎనిమిది సెప్టెంబరులో కూతురు సుమలత నుంచి ఉత్తరం వచ్చింది. కరీంనగర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. ఆ ఉత్తరాన్ని ఇస్తారి రూమ్‌లో మంచం మీద కూర్చుని ఒక్కో అక్షరం పట్టుకుంటూ చదివాడు.

"బాపూ, మా ల్యాబులో పన్నెండు కంప్యూటర్లు, అరవై మందిమి. క్లాసులు అయినంక ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా ఎవరైనా వచ్చి ప్రాక్టీసు చేసుకోవచ్చని బోర్డు పెట్టిండ్రు. కానీ ఆడపిల్లల హాస్టల్ గేటుకు ఐదున్నరకే తాళం పడుతది. మార్చిలో ప్రాజెక్టు ఇయ్యాలె. చేతిల పట్టుకపోయే కంప్యూటరు ఉంటదట గదా, పాతదైనా సరే. ఫ్లాపీ పెట్టేది ఉండాలె. ల్యాబుకు జనరేటరు ఉన్నది, మా హాస్టల్లో మాత్రం ఆరింటి నుంచి ఏడున్నర దాకా రోజూ కరెంటు కోత. గంటన్నర కరెంటు లేకున్నా నడవాలె. దొరకకపోతే ఫికర్ చెయ్యకు."

ఆడపిల్లలకు రక్షణ అంటూ ఆడపిల్లలకే తాళం వేసే తెలివి మన కాలేజీలకు ఎవరు నేర్పారో కానీ, ఆ తాళానికి విరుగుడు సముద్రం అవతల ఒక కుంటి తండ్రి వెతకాల్సి వచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే అతని ఏడాది జీతం పెట్టినా చాలదు.

అక్టోబరులో ఆఫీసుకు కొత్త యంత్రాలు వచ్చాయి. పాత ల్యాప్‌టాపులు రెండు స్టోర్ రూమ్‌లో పడేశారు. రెండింటికీ ఒకటే ధర, స్టాఫ్‌లో ఎవరికి కావాలన్నా శనివారంలోగా చెప్పమన్నారు. ఆ ధర ఇస్తారి చేతికి అందేదే. కానీ తుడిచేవాడు స్టాఫ్ కాడు. ఆరేళ్లు వాళ్ల గోడలు కట్టి, నాలుగేళ్లు వాళ్ల బల్లలు తుడిచినా కాడు.

అందుకని ఖమరుద్దీన్ తన పేరు ఇచ్చాడు. హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, లెక్కల సెక్షన్‌లో గుమాస్తా. ఇస్తారి తెచ్చిన చాయ్ తాగకుండా ఫైలు తెరవడు.

"కలర్‌ది తీస్కో ఇస్తారీ," అన్నాడు. "పత్లా ఉంది, సన్నగ, మస్తుగుంది. నీ బిడ్డ హాస్టల్లో నలుగురి ముందట తీస్తే ఇజ్జత్ ఉంటది. ఆ నల్లది చూడు, ఇటుక లెక్క. అందులో సినిమా కూడా బ్లాక్ అండ్ వైటే."

"సినిమా సూడనీకి కాదు గద ఖమరన్నా."

"అరే, కాలేజీ పిల్ల. షోకు ఉండదా?"

ఇస్తారి బట్టతో నల్లదాని మూత తుడిచాడు. షోకు అనే మాట గుచ్చుకుంది. బిడ్డకు ఇంతవరకు షోకైనది ఏదీ పంపలేదు. నలుగురు చూసి "మీ బాపు పంపిండా!" అనే వస్తువు ఒక్కటైనా పంపాలని అతనికీ ఉంది. కానీ చేతికి తెలిసిన సంగతి వేరే ఉంది.

"అన్నా, ఆ కలర్‌ది నాలుగు సార్లు రూవీ బజారుకు రిపేరుకు వోయింది. నేనే కార్ల వెట్టిన. దాని ఫ్లాపీ డబ్బ యేరే ఉంటుండె, మేనేజర్ సాబు పోగొట్టిండు. వారం రోజులు నాతోని బల్లల కింద ఎతికిచ్చిండు. ఈ నల్లది ఇంజినీరు సాబుది. మూడేండ్లు నిజ్వా సైట్ల తిరిగింది. మీటల సందులకెల్లి సిమెంటు నేనే బుర్రుసుతోని తీసిన. ఒక్కనాడు రూవీ మొకం సూడలే."

ఖమరుద్దీన్ నోరు తెరిచి అతన్ని చూశాడు. "యా అల్లా! నాలుగేళ్ల నుంచి ఇదంతా నీ కడుపుల పెట్టుకొని తిరుగుతున్నవా?"

"ఎవలన్న అడిగితె గద చెప్పేది."

"సరే, ఒక పని చేద్దాం. గురువారం ఇక్కడ సెలవే, ఆఫీసు బంద్. నీకు డ్యూటీ ఉంటది. రెండిటి వైర్లు పీకి చూద్దాం. గంటన్నర ఏది నడిస్తే అదే నీది. కలర్‌ది నడిస్తే కలర్‌దే పంపాల. ఫ్లాపీ డబ్బా నేను వెతికి ఇప్పిస్తా. మంజూర్?"

"మంజూరన్నా," అన్నాడు ఇస్తారి. లోపల కలర్‌దే గెలవాలని కూడా ఎక్కడో ఉంది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఖమరుద్దీన్ రెండు యంత్రాలూ స్టోర్ రూమ్‌లోనే పక్కపక్కన పెట్టి, తెరిచి, వైర్లు లాగేశాడు. "రెండు నిమిషాలకోసారి ఏదో ఒక మీట నొక్కు. లేకపోతే నిద్రపోతాయి," అని చెప్పి భోజనానికి ఇంటికి వెళ్లాడు.

ఇస్తారి రెండింటి ముందు ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. నాలుగేళ్లుగా వాటిని తుడిచాడు కానీ, వెలుగుతున్నప్పుడు ఏనాడూ ముట్టుకోలేదు. క్లీనింగ్ వాళ్లు ముట్టుకోకూడదని రూలు. చూపుడువేలిని చొక్కాకు తుడుచుకుని ఒక మీట నొక్కాడు. తెర మీద ఒక అక్షరం పడింది. అదేం అక్షరమో తెలియదు. ఇంకోసారి నొక్కితే దాని తోబుట్టువు వచ్చి పక్కన నిలబడింది. ఇస్తారి ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

రెండూ ఇరవై ఐదు అయింది. రంగుల తెర ఒకసారి మిణికి, నల్లబడిపోయింది. ఇస్తారి ఎంత నొక్కినా లేవలేదు. అయ్యో అనిపించింది. దాన్ని మెల్లగా మూసి, నల్లదాని వైపు తిరిగాడు.

మూడు దాటింది. ఏసీ లేని గదిలో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మోకాలు సలుపుతోంది. తెర నిండా ఒకే అక్షరం చీమల బారులా సాగుతోంది. ఆరింటికి కరీంనగర్‌లో హాస్టల్ దీపాలు పోతే, ఈ వెలుగు ముందు బిడ్డ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నొక్కుతున్నాడు. మూడూ పదికి తలుపు తెరుచుకుంది. క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజర్ తబ్రేజ్.

"క్యా హై యే? చాలూ మిషన్ల మీద చెయ్యి పెడ్తున్నవా? ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఖమర్ సాబు సాబ్. కొననీకి సూస్తున్న."

"నువ్వు కొంటవా కంప్యూటరు!" తబ్రేజ్ నవ్వాడు. "బంద్ చెయ్. ఖరాబైతే నా గల్లా పట్టుకుంటరు. వార్నింగ్ రాస్తా."

"రాసుకోండ్రి సాబ్. ఇంకో ఇరవై నిమిషాలాగి రాసుకోండ్రి. ఇప్పుడు బంద్ చేస్తె గంటన్నర వస్తదో రాదో తెల్వది. నా బిడ్డకు గంటన్నర కావాలె."

"బిడ్డకు గంటన్నర ఏంది?"

ఇస్తారి చెప్పాడు. గేటు, తాళం, కరెంటు కోత, మార్చి. లేచి నిలబడే చెప్పాడు, బతిమాలినట్టు కాదు. చెబుతూ ఉంటే వెనక తెర మసకబారడం అతను చూడలేదు. తబ్రేజ్ చూశాడు. చెయ్యి చాచి, మీట నొక్కాడు. తెర మళ్లీ వెలిగింది.

"మా చెల్లెలు అక్తరీ," అన్నాడు తబ్రేజ్ తెర వైపే చూస్తూ. "ఇంటర్‌ల బంద్ చేయించినం. కాలేజీ దూరమని."

జేబులోంచి వార్నింగ్ పుస్తకం తీశాడు. పేరు రాశాడు, తేదీ వేశాడు. రాయడం ఆపలేదు. రాస్తూ రాస్తూ మధ్యలో ఇంకోసారి మీట నొక్కాడు. మంచితనం అందరిలోనూ ఉంటుంది. ఉద్యోగం దాని మెడ మీద కూర్చుని ఉంటుంది.

మూడున్నర అయింది. నల్లది వెలుగుతూనే ఉంది. మూడూ యాభైకి ఆరిపోయింది.

"ఎంత?" అన్నాడు తబ్రేజ్.

"గంటా యాబై, సాబ్."

"మంచిగనే ఉంది," అని వార్నింగ్ కాగితం చించి చేతికిచ్చాడు.

ఖమరుద్దీన్ పేరు మీద కొన్న నల్లదాన్ని, నవంబరులో సెలవు మీద ఊరికి పోతున్న లచ్చన్న బట్టల సంచిలో పెట్టుకుని వెళ్లాడు. పక్క ఊరివాడు, అమెరాత్‌లో మేస్త్రి. "ఏందిరా ఇంత బరువు? మీ ఇంటికి గోడ కడ్తున్నవా?" అని వెక్కిరించాడు. ఇస్తారి మాత్రం ఆ సంచిని విమానంలో ఒళ్లోనే పెట్టుకొమ్మని మూడుసార్లు ఒట్టు వేయించుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, హాస్టల్ పక్క ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు.

"బాపూ, ఒక ముచ్చట!" సుమలత గొంతు ఉరుకుతోంది. "మా గేటు ఇగ ఎనిమిదిన్నర దాకా తీసే ఉంచుతున్నరు. మేమూ ల్యాబుకు పోతున్నం!"

"ఎట్లనే?"

"నా రూముకు రోజు ఆరుగురు వస్తుండె. ఒక్కదాని మీద ఏడుగురం ఎంతసేపని కొడ్తం? ప్రాజెక్టు పక్కకువెట్టి అందరం కూసొని అర్జీ కొట్టినం. ఫ్లాపీల వేస్కపోయి బయట ప్రింటు తీయించినం. నలబై ఒక్క సంతకాలు. ప్రిన్సిపాల్ ముందుగల్ల తిట్టిండు. నాలుగు రోజులు మేము ఆయన దగ్గరికి పోవుడు బంద్ చెయ్యలే. ఆఖరికి వాచ్‌మెన్‌ను తోడిచ్చి పంపుతున్నడు."

ఇస్తారికి సంతోషమే. దాని వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది.

"అయితె ఆ డబ్బతోని ఇగ పనిలేదా బిడ్డా?"

"ఎందుకు లేదు! నా ప్రాజెక్టు దాంట్లనే ఉన్నది. నేను ల్యాబుకు పోయినప్పుడు అఫ్రీన్ నేర్చుకుంటున్నది. తెలుగు మీడియం పిల్ల, ల్యాబుల నలుగురి ముందట సిగ్గువడ్తది. కరెంటు పోయినంక మా వరండల అదొక్కటే ఎలుగుతది బాపూ."

"ఎంతసేపు నడుస్తున్నది?"

"గంట నలబై."

"పది నిమిషాలు తగ్గిందే!" ఇస్తారి రిసీవరును గట్టిగా పట్టుకున్నాడు. "పక్కన సన్న సందులుంటయి సూడు, గాలి వోయేటియి. దుమ్ము వట్టిందేమొ. తడిబట్ట పెట్టకు. పొడిబట్ట, నూలుది, ఒక్కదిక్కు నుంచే తుడువాలె. అఫ్రీనుకు గూడ చెప్పు. రాసుకుంటున్నవా?"

"రాస్తున్న బాపూ, ఇంకేం చెయ్యాలె చెప్పు," అంది సుమలత.

ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయేదాకా ఇస్తారి చెబుతూనే ఉన్నాడు. మొదటిసారి అతన్ని ఒకరు అడిగి రాసుకుంటున్నారు.