సగం క్షవరం దగ్గర పోయిన కరెంటు

మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరు టీ కప్పు కింద పెట్టేస్తారు. సెరంగూన్ మాల్‌లో కూర్చుని, ఎక్కడో ఉగాండాలో ఉన్న పెళ్లికొడుకు పరువు తీయబోయాను!

మేం కొంతమంది ఐటీ వాళ్లం కలిసి అక్కడి శరణార్థుల సెటిల్‌మెంట్‌లో చిన్న చిన్న షాపులకి సోలార్ పెట్టెలు పెట్టించాం. టైలరు, జ్యూసు కొట్టు, సెలూన్, ఇలాంటివి. లైను కరెంటు అక్కడికి రాదు. పెట్టె పనిచేస్తేనే షాపు నడుస్తుంది. వాటి సాఫ్ట్‌వేర్ ఇక్కణ్ణించే నేను చూస్తుంటాను.

ఆ రోజు కొత్త వెర్షన్ ఎక్కించాలి. నేనేమో బ్యాంకు ఐటీలో ముదిరిపోయిన మనిషిని. ఇక్కడ చాంగీ ఆఫీసులో మాకు ఒకటే సూత్రం, మార్పులేవైనా శనివారమే. ఆ రోజు ఎవరూ పని చెయ్యరు, ఎవరూ అరవరు. మా పాపని డాన్స్ క్లాసులో దింపి, ఫుడ్‌కోర్టులో కాఫీ తెచ్చుకుని, దర్జాగా బటన్ నొక్కేశా. శనివారమంటే అక్కడ సంత, పెళ్లిళ్లు, అసలు సిసలు బేరాల రోజని నా బుర్రకి తడితే కదా!

కాఫీ సగం తాగానో లేదో వీడియో కాల్. సెలూన్ జోసెఫ్. కాంగో నుంచి కట్టుబట్టలతో వచ్చినవాడు. పెట్టె వచ్చాకే కటింగ్ మెషిన్ కొనుక్కున్నాడు.

"బ్రదర్, కరెంటు పోయింది!"

"ఎండ లేదా?"

"ఎండ మాడ్చేస్తోంది. నీ పెట్టే చచ్చింది. ఇదిగో, చూడు."

ఫోన్ తిప్పాడు. కుర్చీలో సూటు వేసుకున్న కుర్రాడు. తల కుడివైపు నున్నగా ఉంది, ఎడమవైపు పొదలా ఉంది. పాపం, ఏడుపు ఆపుకుంటున్నాడు.

"ఇంకాసేపట్లో చర్చిలో ఇతని పెళ్లి. ఇలా పంపిస్తే ఇంకెవరూ నా షాపు గడప తొక్కరు బ్రదర్," అన్నాడు జోసెఫ్. ముందు నవ్వొచ్చింది గానీ, ఆ గొంతు వినగానే నవ్వు ఎగిరిపోయింది. అతని పొట్ట మీద కొట్టాను కదండీ!

నా కొత్త వెర్షనే కొంప ముంచింది, వెంటనే పాత వెర్షన్ తిరిగి ఎక్కించాలి. చూస్తే నా లాప్‌టాప్ బ్యాటరీ అయిపోవచ్చింది. చార్జర్ ఉంది, ప్లగ్గేదీ? మాల్ నిండా లైట్లు, ఎస్కలేటర్లు, చలి పుట్టించే ఏసీ. ప్లగ్ పాయింట్లకి మాత్రం మూతలేసి తాళాలు! ఎలాగో ఒకటి తెరిచి ఉన్నది దొరికింది. తీరా ఆ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్. ఎవరో చోప్ చేసేసి, అంటే ఇక్కడి పద్ధతిలో అలా టిష్యూ పెట్టి సీటు ఆపుకుని, తిండి తెచ్చుకోడానికి వెళ్లారు. ఇన్నేళ్లు ఇక్కడ బతికాక, చోప్ చేసిన టేబుల్‌కి చెయ్యి వెయ్యాలంటే నాకు చేతులు రావు.

బేస్‌మెంట్‌కి పరిగెత్తా. అక్కడో చవక హెయిర్‌కట్ షాపు, గోడకి ప్లగ్!

"ఆంటీ, ప్లీజ్, కాసేపు చార్జింగ్?"

చైనీస్ ఆంటీ నన్ను ఎగాదిగా చూసింది. "కటింగ్ కస్టమర్‌కే లా," అంది, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"అయితే కట్ చేసెయ్యండి!"

మెడకి గుడ్డ కట్టింది. ఒళ్లో లాప్‌టాప్, చెవిలో జోసెఫ్. "తల ఊపకు," అని ఆంటీ. "బ్రదర్, పాస్టర్ ఫోన్ చేస్తున్నాడు," అని జోసెఫ్. నేనేమో పాత వెర్షన్ ఎక్కిస్తున్నా. ఒక్కో పెట్టె లేస్తోంది... జోసెఫ్‌ది లేవదే! ఇంకోసారి నొక్కా. అటు బుర్రుమని మెషిన్ చప్పుడు, షాపంతా కేకలు! ఆ ఆనందంలో నేనూ "వచ్చేసింది!" అని కుర్చీలోంచి లేచా.

సరిగ్గా అప్పుడే ఆంటీ మెషిన్ నా నడినెత్తి మీద ఉంది.

"అయ్యో!" అంది ఆంటీ, అచ్చం మన అమ్మల్లాగే. "సమానం చెయ్యాలంటే ఇప్పుడు మొత్తం తీసెయ్యాలి లా."

తీసేసింది. డాన్స్ క్లాసు నుంచి వచ్చిన మా పాప "నాన్నా, వై సో బొటాక్!" అని గుండు తడిమి మరీ నవ్వింది. సాయంత్రానికి జోసెఫ్ పెళ్లి ఫోటో పంపాడు. పెళ్లికొడుకు తల అద్దంలా మెరిసిపోతోంది, పక్కన జోసెఫ్ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. నిజం చెప్తున్నా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం ఆఫీసులో నా పక్క సీటు శ్రీను నా గుండు చూడగానే భక్తిగా చెయ్యి చాపాడు. "తిరుపతి ఎప్పుడెళ్లొచ్చావురా? లడ్డూ ఏదీ?"

"తిరుపతీ లేదు, లడ్డూ లేదు. ప్లగ్ పాయింట్‌కి తలనీలాలు ఇచ్చుకొచ్చాన్రా బాబూ!" అన్నాను.